ఒక్క ప్రశ్న కోసం అమీర్‌పేట

ముందే ఒప్పుకుంటాను. సదస్సంటే ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు, ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి ప్రశ్న అడుగుతారు అని నేను నిజంగానే నమ్మాను. ఎమ్మే పాసై, నాలుగేళ్ళుగా చరిత్రలో పరిశోధన చేస్తున్నవాడు నమ్మవలసిన మాట కాదిది. చరిత్రలో ఎన్నడూ జరగని విషయం కూడాను. అయినా కాకినాడలో మా హాస్టల్ అద్దం ముందు నిలబడి, సెల్‌ఫోన్‌లో టైము పెట్టుకుని, పదిహేను నిమిషాల పత్రాన్ని వారం రోజులు సాధన చేశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దగ్గాలో కూడా పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. అద్దంలో ఉన్నవాడు ఒక్కసారి కూడా నాకు అడ్డు తగలలేదు. నా కొంప ముంచింది వాడే.

నా పరిశోధన గోదావరి పాయల మీది పడవ రేవుల గురించి. దొరల కాలంలో ఫలానా రేవులో పడవ నడిపి, దాటేవాళ్ళ దగ్గర సుంకం వసూలు చేసుకునే హక్కును వేలం పాట పెట్టేవారు. ఎక్కువకు పాడినవాడిది రేవు. ఆ పాటల మీద నేను రాసిన మూడో అధ్యాయాన్ని మా గైడు వసుంధర మేడమ్ మళ్ళీ మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇందులో తప్పేమీ కనపడటం లేదు. అదే నాకు భయంగా ఉంది," అన్నారు. "నాలుగేళ్ళుగా నువ్వూ నేనూ దీన్నే చూస్తున్నాం. ఇద్దరికీ చూపు ఆనటం మానేసింది. హైదరాబాదులో సదస్సుందట, వెళ్ళు. సర్టిఫికెట్ నాకక్కర్లేదు. నీ మొహం ఎరగనివాళ్ళు ఎవరైనా అడిగిన ఒక్క ప్రశ్న తీసుకురా. నీ దగ్గర జవాబు లేని ప్రశ్న. అది లేకుండా వచ్చావంటే ఈ అధ్యాయం మీద సంతకం పెట్టను."

సంతకం లేకపోతే సిద్ధాంత గ్రంథం లేదు. ఏడాది చివరికి నా స్కాలర్‌షిప్పు మునుగుతుంది. పడవల మీద పరిశోధన చేసేవాడి షిప్పు మునగడంలో ఒక అందం ఉందనుకోండి. కాని నాకు ఈత రాదు.

అమీర్‌పేట: తప్పు గది

అమీర్‌పేటలో ఆకాశం ఉందంటారు. నాకు కనపడలేదు. తల పైకెత్తితే బోర్డులే. జావా, పైథాన్, క్లౌడ్, స్పోకెన్ ఇంగ్లీషు, వాటి సందుల్లో లేడీస్ హాస్టలు, జెంట్స్ హాస్టలు. మా గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనిపిస్తే "ఎవరి తాలూకా అండీ?" అంటారు. తాతగారి పేరు చెబితే గాని మంచినీళ్ళు రావు. ఇక్కడ తాతతో పనిలేదు. మెట్రో మెట్లు దిగానో లేదో, కరపత్రాలు పంచే ఒకాయన నా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏ కోర్స్ కోసమొచ్చినవన్నా?"

"చరిత్ర," అన్నాను.

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "గా కోర్స్ మా దగ్గర లేదన్నా. డిమాండుంటే పెడతరు. దాన్ల ప్లేస్‌మెంట్ ఉన్నదా?"

"లేదండి."

"మరెందుకన్నా?"

జవాబు లేని ప్రశ్న ఇంత త్వరగా దొరుకుతుందనుకోలేదు. వెంటనే తిరుగు బస్సెక్కుదామా అనిపించింది. కాని మేడమ్ ఒప్పుకోరు. ఈ ప్రశ్న మా నాన్న ఇదివరకే అడిగి ఉన్నాడు.

సదస్సు ఒక పెద్ద భవనం పై అంతస్తులో. కింది అంతస్తులన్నీ కోచింగులే. లిఫ్టు కిక్కిరిసి ఉంది. అందరూ దిగిన చోటే నేనూ దిగి, అందరూ దూరిన గదిలోకే దూరి, మొదటి వరసలో కూర్చున్నాను. వేదిక మీద ఒక యువకుడు చెబుతున్నాడు: "మీకొచ్చిన డేటాను ఎన్నడు నమ్మొద్దు. ఎవరిచ్చిండు, ఎందుకిచ్చిండు, మధ్యల ఏం మాయమైంది చూడాలె. గలీజ్ డేటా ఇస్తే గలీజ్ రిజల్టే వస్తది."

చరిత్ర రచనా పద్ధతి మీద ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కీలకోపన్యాసమంటే ఇలా ఉండాలనుకుంటూ గబగబా రాసుకున్నాను. పైగా ఆయన కాసేపు చెప్పి "డౌట్స్ ఉన్నయా?" అని ఆగుతున్నాడు. జనం చేతులెత్తుతున్నారు. ఆహా, ఏమి సదస్సు! పక్క కుర్చీలోని అమ్మాయి నా వంక తిరిగి, "మీరు ఫ్రెషరా, కెరీర్ గ్యాపా అండీ?" అంది.

"పీహెచ్‌డీ చేస్తున్నానండి. నాలుగో ఏడు."

"ఓ, గ్యాప్," అంది జాలిగా.

ఇవాళే చేరితే ఫీజులో తగ్గింపు ఉందని ఆ యువకుడు ప్రకటించేదాకా అది ఉచిత డెమో క్లాసని నాకు తెలియలేదు. రెండు అంతస్తులు మెట్లెక్కి అసలు సదస్సుకు చేరేసరికి చెమట పట్టి, చొక్కా ఇస్త్రీ పోయింది. మొదటి తప్పులోనే నాకు కాస్త విద్య అబ్బిందన్న సంగతి మర్నాటి సాయంత్రానికి గాని అర్థం కాలేదు.

పై అంతస్తు: దీపమూ శాలువాలూ

పైన దీపం వెలగడం లేదు. ముఖ్య అతిథి వత్తి ముట్టిస్తారు, ఏసీ గాలి ఆర్పుతుంది. సదస్సు కన్వీనరు గ్రేస్ మేడమ్ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. సనత్‌నగర్ నుంచి పొద్దున్నే వచ్చి, కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడే చూస్తున్నారు. "అన్నా, ఏసీ బంద్ చేయండన్నా, ప్లీజ్!" అని చివరికి కేక పెట్టారు. ఏసీ ఆగింది, దీపం వెలిగింది. వెలిగిన దీపం ఆరితే అపశకునమని మళ్ళీ ఏసీ వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ ఉక్కలో వేదిక మీది పెద్దలందరికీ శాలువాలు కప్పారు. తర్వాత ఆ పెద్దలు లేచి ఒకరికొకరు కప్పుకున్నారు. హిమాలయాల్లో చిక్కుకుపోయిన యాత్రికులు కూడా ఒకరి ఒంటి వేడి గురించి ఒకరు అంత శ్రద్ధ తీసుకోరు.

అధ్యక్షులవారు ఒక విశ్రాంత ఆచార్యులు. పేరు చెప్పను. ఆయన చెప్పుకున్నంత బాగా నేను చెప్పలేను. విశ్రాంతి మాత్రం ఆయన తీసుకోలేదు, మమ్మల్నీ తీసుకోనివ్వలేదు. "నేను ఎక్కువ సమయం తీసుకోను," అని మొదలుపెట్టి ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆయన తీసుకోలేదు, మా దగ్గరున్నదంతా లాక్కున్నారు. ఏదో దేశంలో సదస్సుకు వెళితే అక్కడ భోజనంలో అన్నం పెట్టలేదన్న సంఘటన ఒక్కటే ఒక అధ్యాయమంత సాగింది.

నా పక్కనున్నాయన పేరు సంపత్. సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు. చెరువుల చరిత్ర మీద పనిచేస్తున్నాడు. చెవిలో అడిగాడు.

"ఫస్ట్ టైమా అన్నా?"

"ఎలా తెలిసింది?"

"పెద్దసారు చెప్పేది రాసుకుంటున్నవ్ గద!" నవ్వాడు. "ఏ ఊరు మీది? కాకినాడనా? ఓ, గోదావరన్నా! జర ఫికర్ చెయ్యకు. నువ్వు చదివేటప్పుడు ఎవ్వలు వినరు. వింటున్నట్టు కనబడేటోడు నీ తర్వాత చదివేటోడు. వాడు సుత నిన్ను వినడు, ఎప్పుడు దిగుతవా అని చూస్తడు."

పత్ర సమర్పణలు మొదలయ్యేసరికి భోజనాల వాసన వస్తోంది. మా సమావేశానికీ ఆయనే అధ్యక్షులు. "సమయాభావం వల్ల తలా రెండు నిమిషాలు," అన్నారు, సమయాన్ని వేరెవరో దొంగ ఎత్తుకుపోయినట్టు. సమయం అయిందనడానికి గుర్తుగా మంచినీళ్ళ గాజుగ్లాసును పెన్నుతో టింగుమనిపిస్తున్నారు.

నా వంతు వచ్చింది. ఇక్కడ నా తెలివి కూడా కొంచెం మెచ్చుకోవాలి. నా పత్రంలో మొదటి పేజీ అంతా వేదికను అలంకరించిన పెద్దలకు నమస్కారాలే. అద్దం ముందు అది చాలా గంభీరంగా ఉండేది. నాలుగో పెద్దకు నమస్కరిస్తుండగా టింగుమంది.

"సారాంశం చెప్పు బాబూ."

"సార్, ఆ కాలంలో రేవుల కోసం పోటీపడి పాడేవారు..."

"పాటలా? జానపదం. చాలా బాగుంది. తర్వాత ఎవరు?" టింగు.

"సార్, ప్రశ్నలేమైనా..."

"ప్రశ్నలు భోజనాల దగ్గర."

పత్రం పుష్పం ఫలం అంటారు. పత్రం మాది, పుష్పగుచ్ఛాలు వారివి. ఫలం భోజనాల దగ్గరైనా దొరుకుతుందేమోనని పళ్ళెం పట్టుకుని ఆయన వెనకే నిలబడ్డాను. బగారా అన్నం, బగారా బైంగన్ అనే వంకాయ కూర, చివర్న డబల్ కా మీఠా. మా వైపు పెళ్ళిళ్ళలో పనసపొట్టు కూరకు ఎంత గౌరవమో ఇక్కడ ఈ వంకాయకు అంత గౌరవం. వేరుశనగలు, నువ్వులు నూరిన చిక్కటి పులుసు. అన్నం నిజంగా బాగుంది, అబద్ధమెందుకు.

"సార్, నా పత్రం మీద మీ అభిప్రాయం..."

ఆయన నా పళ్ళెంలోకి చూశారు. "వంకాయ వేసుకోలేదేం?"

రెండు రోజుల ప్రయాణంలో ఒక ఆచార్యుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. దురదృష్టవశాత్తు దానికి నా దగ్గర జవాబు ఉంది: వరసలో ఆయన నాకంటే ముందున్నారు.

పంజాగుట్ట: చాయ్ దగ్గర గురూపదేశం

బస పంజాగుట్టలో ఒక లాడ్జి. సంపత్‌దీ నాదీ ఒకే గది. సాయంత్రం ఎర్రమంజిల్ వైపు నడిచి ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ పాతిక రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు టీలూ, టీ కొట్టాయన సలహా ఒకటీ వస్తాయి. ఇక్కడ సలహా సంపత్ ఇచ్చాడు.

"ప్రశ్న కోసం వచ్చినవా!" బిస్కెట్టు చాయ్‌లో ముంచి పట్టుకుని మరిచిపోయాడు. అది విరిగి మునిగింది. "అన్నా, నువ్వు సదస్సుకెందుకు పోవాల్నో నీకెవ్వలు చెప్పలే. సర్టిఫికెట్ వస్తది. ఊర్లు తిరుగుతవ్. నీలెక్కనే పాగల్ గాళ్ళు ఇంకింతమంది ఉన్నరని తెలుస్తది, గదొక ధైర్యం. మస్తు దోస్తులైతరు. గంతే. ప్రశ్న గిశ్న ఎక్కడిదన్నా? ప్రశ్న అడగాల్నంటే ముందు వినాలె గద!"

"మరి మా మేడమ్ ఒప్పుకోరే."

"ఏదన్న నువ్వే తయారు చెయ్. నేనడిగిన అని చెప్పు. నా మొహం ఆమెకెరుకనా?"

నిజం చెప్పొద్దూ, గట్టిగానే ఆలోచించాను. ప్రశ్న తయారు చేయబోతే తెలిసిందేమిటంటే, నేను తయారు చేసిన ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉంది. నాలుగేళ్ళుగా నేను చేసిన పని అదేనేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. చాయ్ చల్లారింది.

అంతలో మేడమే ఫోన్ చేశారు.

"దొరికిందా?"

"ఇంకా లేదండి. రేపు కూడా ఉంది కదండీ."

"హైదరాబాద్ బిస్కెట్లు పట్టుకొచ్చి నన్ను మాయ చెయ్యాలని చూడకు," అని పెట్టేశారు. అప్పటికే కొన్న బిస్కెట్ల పెట్టె బల్ల మీద నా వంక చూస్తోంది.

రెండో రోజు: ఖాళీ కుర్చీలు

పొద్దున్న అమీర్‌పేట సందులో బండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. మా వైపు ఇడ్లీకి చట్నీ తోడు, ఇక్కడ చట్నీకి ఇడ్లీ తోడు. అల్లప్పచ్చడి అడిగితే బండి ఆయన, "గది పెసరట్టు మీద గద సార్?" అని నన్నే దిద్దాడు.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. గ్రేస్ మేడమ్ తల పట్టుకుని ఉన్నారు. సర్టిఫికెట్లు సాయంత్రం ఇవ్వవలసినవి, రద్దీ తగ్గుతుందని పొద్దున్నే ఇచ్చేశారట. రద్దీ పూర్తిగా తగ్గింది. పండితులందరూ గోల్కొండ చూడటానికి వెళ్ళారు. చరిత్ర మీద అంత మక్కువ. వేదిక మీద పెద్దలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ముగింపు సభలో వాళ్ళకు ఇంకో విడత శాలువాలున్నాయి.

ముగింపు సభకు ముందు సంపత్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వందన సమర్పణ చేయాల్సింది అతనే. నిన్న గ్రేస్ మేడమ్‌కు దొరికిపోయాడు.

"అన్నా, జర ఒక పని చేసి పెట్టు. మా చెల్లెకు గాజులు కొనాలె, చార్మినార్ పోతున్న. పేర్లు గీ కాయితం మీదున్నయ్. నువ్వు చదివెయ్."

"నేనా? నిన్న నా పేరు నేను చెప్పుకునేలోపే దింపేశారు."

"గిది అట్ల గాదన్నా." గొంతు తగ్గించాడు. "పెద్దమనుషులు ఎవరి పేరొస్తదా అని చెవులు నిక్కబొడుచుకొని కూసుంటరు. పేరు వచ్చిందాంక లేవరు, నోరిప్పరు. ముఖ్యమంత్రి ఉపన్యాసం సుత ఆపొచ్చు. వందన సమర్పణను ఆపిన మొగోడు ఇంకా పుట్టలే."

గాజుల కోసం అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను సంచీలోంచి నా పత్రం తీసి, నమస్కారాల పేజీ చింపేసి, మిగతాది పేర్ల కాగితం కింద పెట్టుకున్నాను.

"మీరు చేస్తారా బాబూ? గాడ్ బ్లెస్ యూ," అన్నారు గ్రేస్ మేడమ్. "ఒక్క పేరు కూడా మిస్సవ్వద్దు బాబూ. మళ్ళా నాకు ఫోన్లొస్తయ్."

"ఒక్కటి కూడా పోనివ్వనండి," అన్నాను. ఎంత నిదానంగా చదువుతానో మాత్రం చెప్పలేదు.

వందన సమర్పణ

"ఈ రెండు రోజుల సభను క్షేమంగా ఒడ్డుకు చేర్చిన గ్రేస్ మేడమ్ గారికి మొదటి వందనం," అని మొదలుపెట్టాను. చప్పట్లు. "ఒడ్డంటే గుర్తొచ్చింది. గోదావరి పాయల మీద ఒకప్పుడు ఒడ్డుకు చేర్చే హక్కును వేలం వేసేవారు." చప్పట్లు ఆగిపోయాయి. నేను ఆగలేదు.

మైకు పెట్టినవారికి కృతజ్ఞతలు చెప్పి, మైకులు లేని రోజుల్లో వేలం కేక అవతలి ఒడ్డు దాకా ఎలా వినిపించేవారో చెప్పాను. వంటవారికి కృతజ్ఞతలు చెప్పి, పడవ కోసం రాత్రంతా కాచుకున్న బాటసారులకు రేవు పక్క పూటకూళ్ళమ్మలు ఏం వండిపెట్టేవారో చెప్పాను. కుర్చీలు, పూలదండలు, తాగునీరు, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క పేరా. వేదిక మీది వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అధ్యక్షులవారి చెయ్యి అలవాటుగా గాజుగ్లాసు వైపు వెళ్ళింది. వెళ్ళి, దారిలో ఆగింది. ఆయన పేరు ఇంకా రాలేదు. చెయ్యి వెనక్కి వచ్చి శాలువా సర్దుకుంది.

అప్పుడు నీళ్ళంటే భయపడే ధాన్యం వ్యాపారి కథ చెప్పాను. నా కాగితాల్లో నాకిష్టమైనవాడు అతనే. జన్మలో పడవెక్కనివాడు పోటీపడి రేవు పాడుకున్నాడు. గొడుగు వేయించుకుని గట్టు మీద కూర్చుని, మనిషికింత, బండికింత, పెళ్ళికూతురు ఎక్కిన పల్లకీకి ఒక ధర, తిరిగొచ్చే ఖాళీ పల్లకీకి ఒక ధర అని వసూలు చేసేవాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. గ్రేస్ మేడమ్ కూడా నవ్వారు. అధ్యక్షులవారు ముందుకు వంగారు.

"ఆగవయ్యా," అన్నారు.

ఆగాను. రెండో రోజు కూడా నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆ వ్యాపారి గెలిచాడు, సరే. అంతకుముందు ఆ రేవు నడిపినవాడు, పాటలో ఓడిపోయినవాడు, వాడేమయ్యాడు? మర్నాడు పొద్దున్న వాడు తన పడవను ఎక్కడ కట్టుకున్నాడు? నువ్వు చెబుతున్న పేర్లన్నీ గెలిచినవాళ్ళవే కదా!"

నాలుగేళ్ళు, ఎన్ని దఫ్తరాల దుమ్ము తిన్నానో, ఏ కాగితంలోనూ పాటలో ఓడినవాడి కోసం నేను వెతకలేదు. వెతకాలన్న ఆలోచనే రాలేదు. మధ్యలో ఏం మాయమైందో చూడమని కింది అంతస్తు డెమో క్లాసులో ఉచితంగానే చెప్పారు. గొడుగు కింద ఉన్నవాడినే చూస్తూ నవ్వుకున్నాను. అవతల ఎండలో పడవ తాడు పట్టుకుని నిలబడ్డవాడు ఒక్కసారిగా నా కళ్ళ ముందుకు వచ్చాడు. మూడో అధ్యాయం మొత్తం తిరగరాయాలి. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఈ ప్రశ్న అడగగలిగిన మనిషి నిన్నంతా గ్లాసు వాయిస్తూ కూర్చున్నాడు కదా అని అంతే కోపమూ వచ్చింది.

జవాబు నా దగ్గర లేదు. మైకు మాత్రం ఉంది.

"చాలా మంచి ప్రశ్న సార్. కాని సమయాభావం వల్ల..."

"సమయం సంగతి నేను చూసుకుంటానయ్యా! నువ్వు చెప్పు!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. శాలువా జారి కింద పడింది, చూసుకోలేదు కూడా.

"చివరగా," అన్నాను, "రెండు రోజులూ తమ సమయంతో పాటు మా సమయాన్ని కూడా చరిత్రకు అంకితం చేసిన అధ్యక్షులవారికి వందనాలు. సభికులందరూ లేచి నిలబడవలసిందిగా ప్రార్థన. జాతీయ గీతం."

గ్రేస్ మేడమ్ ఫోన్లో గీతం మొదలైంది. ఏదో అనబోయిన అధ్యక్షులవారు నోరు మూసుకుని, ఎత్తిన వేలు దించి, నిటారుగా నిలబడ్డారు. గీతం అయ్యేదాకా ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, జవాబు కోసం. నేను ఎదుటి గోడ మీది గడియారం వైపు చూస్తూ, ఎంతో వినయంగా, కదలకుండా నిలబడ్డాను.